చికిత్స సజావుగా సాగుతున్నా నాకెందుకు నిద్ర పట్టడం లేదు?

ప్రశ్న

మా అబ్బాయికి ఆరేళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలి 14 నెలలైంది. తీవ్రమైన కీమోథెరపీ ముగిసి, ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా చూసే మెయింటెనెన్స్ దశలో ఇంట్లోనే మాత్రలు వేస్తున్నాము. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కంటతడి పెట్టని నేను, ఇప్పుడు రాత్రి మూడు నాలుగుసార్లు లేచి వాడి నుదుటిపై చేయి వేసి, ఆ చేతిని కూడా నమ్మలేక థర్మామీటర్ పెడుతున్నాను. అలవాటైపోయి వాడు కళ్లు తెరవకుండానే చంక ఎత్తి ఇస్తున్నాడు. గండం గడిచింది కదా అని బంధువులు అంటున్నారు. ఈ మాట ఎత్తితే మావారు లేచి వెళ్లిపోతారు. నేను నా కోసం వైద్యులను కలవాలా, లేక ఇది దానంతటదే తగ్గుతుందా?

మొదటి సమాధానం (ఒక తండ్రి)

అమ్మా, మా పాప చికిత్స పూర్తయి నాలుగేళ్లయింది. చివరి మాత్ర వేసిన రోజున ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే, ఇన్నాళ్లూ జబ్బుకు అడ్డుగా నిలిచిన మందు రేపటి నుంచి ఉండదన్న ఆలోచనతో నాకు చేతులు చల్లబడ్డాయి. మీవారిలాగే నేనూ లేచి వెళ్లిపోయేవాడిని. పట్టక కాదు, కూర్చుంటే ఏడుస్తానని. మాట్లాడమంటే నోరు పెగలని నాకు, రిపోర్టుల ఫైలు సర్దడం, రాత్రి కాపలా వంటి పనులు అప్పగిస్తే ఊరటగా ఉండేది. రాత్రులను వంతులుగా పంచుకుని, వంతు లేనివారు వేరే గదిలో పడుకోవాలని నియమం పెట్టుకున్నాము.

రెండవ సమాధానం (పిల్లల క్యాన్సర్ విభాగంలో కౌన్సెలర్)

భయపడవద్దని నేను చెప్పను, ఎందుకంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గిన పిల్లలకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం కూడా అత్యవసర పరిస్థితే. అయితే ఆ జాగ్రత్తకు ఒక హద్దు ఉండాలి, ఆ హద్దును మీరొక్కరే గీసుకోలేరు. హుషారుగా ఉన్న బిడ్డకు ఎప్పుడెప్పుడు జ్వరం చూడాలో, ఎంత ఉంటే ఏ వేళనైనా ఎవరికి ఫోన్ చేయాలో మీ వైద్య బృందాన్నే అడిగి, కాగితంపై రాయించుకుని గోడకు అంటించండి.

ప్రమాదం ఎదురుగా ఉన్నంతకాలం ఒంటిని బిగబట్టుకుని నెట్టుకొచ్చే తల్లిదండ్రులు, కాస్త తెరిపి దొరికాక కుంగిపోవడం మేము తరచుగా చూస్తాము. చాలామంది ఆ సమయంలోనే, బిడ్డకు నయమవుతుంటే నాకేమిటీ బాధ అని సిగ్గుపడి దాచుకుంటారు. క్యాన్సర్ ఉన్న పిల్లల కుటుంబాల మానసిక, సామాజిక సంరక్షణ కోసం 2015లో నిపుణులు 15 ప్రమాణాలు ప్రచురించారు. తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యాన్ని మొదటి నుంచీ గమనిస్తూ, అవసరమైనవారికి సాయం అందించాలన్నది వాటిలో ఒకటి. కనుక మీ గురించి అడగడం బిడ్డ చికిత్సకు అడ్డు తగలడం కాదు. నిద్రలేమి వారాల తరబడి సాగుతున్నా, ఆసుపత్రి దృశ్యాలు పదేపదే కళ్లముందు మెదులుతున్నా ఆలస్యం చేయకుండా కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

వచ్చే రక్తపరీక్ష రోజునే కౌన్సెలర్‌ను కలవడానికి సమయం తీసుకున్నాను. జ్వరం కాగితం గోడకెక్కింది. వంతులు కూడా మొదలయ్యాయి. నా వంతు కాని మొదటి రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, ఆగలేక వాడి గది తలుపు దాకా వెళ్లాను. మావారు మంచం పక్కన నేల మీద కూర్చుని, థర్మామీటర్‌ను దీపానికి దగ్గరగా పట్టుకుని చూస్తున్నారు.