"పొమ్మనుటే చాలు"నా, "పొమ్మనుటే చావు"నా?

పెరంబూరు రైలు:
వేమన పద్యం ఒకటి వారం రోజులుగా బుర్ర తినేస్తోంది. మొదటి రెండు పాదాలు అందరికీ వచ్చినవే: "చంపదగినయట్టి శత్రువు తనచేత / చిక్కెనేని కీడు సేయరాదు". పేచీ అంతా మూడో పాదం చివరి మాట దగ్గర. మా అమ్మమ్మ "పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు" అని చదివేది. మా ఇంట్లో ఉన్న అట్ట చిరిగిన పుస్తకంలో "పొమ్మనుటే చావు" అని ఉంది. అచ్చుతప్పు అని సరిపెట్టుకుందామంటే వెతికిన చోటల్లా రెండూ కనిపిస్తున్నాయి.

అడగడానికి కారణం ఉంది. ఇక్కడ చెన్నై వ్యాసర్‌పాడిలో మాకు తెలిసిన ఒక ఫాదర్ చిన్న బేకరీ నడుపుతున్నారు. ముఠాలతో తిరిగి, కేసుల్లో ఇరుక్కుని, పరిశీలన గృహం నుంచి బయటికి వచ్చిన కుర్రాళ్ళకు పని నేర్పుతారు. ఒకప్పుడు కత్తులు పట్టుకుని ఒకరి మీద ఒకరు మాటు వేసిన రెండు వీధుల వాళ్ళు ఇప్పుడు ఒకే బల్ల మీద మైదా కలుపుతున్నారు. గోడ మీద తిరువళ్ళువర్ తమిళ నీతిపద్యం, తిరుక్కుఱళ్ ఒకటి రాయించారు. దాని పక్కన తెలుగులో ఒకటి కావాలన్నారు. నేను ఈ పద్యం చెప్పాను. ఏ పాఠం రాయించాలి?

గణయతి:
ఛందస్సు తీర్పు చెప్పదు, ముందే చెబుతున్నాను. పొసగ, మేలు, చేసి మూడు సూర్యగణాలు. "పొమ్మను" భగణం, "టేచాలు" తగణం. చాలు తీసి చావు పెట్టినా అదే తగణం. యతి, అంటే మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు, పొ-పొ. ఆటవెలదికి ప్రాస నియమం లేదు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. ఒక్క అక్షరం మారితే పద్యం తలకిందులవుతుంది, లక్షణం మాత్రం చెక్కుచెదరదు.

మింటు వీధి మనవడు:
ఇది ప్రతులు రాసిన రాయసగాళ్ళ చేతివాటం. తాటాకు మీద లు, వు కలిసిపోవడం మామూలే. అసలు పాఠం "చాలు".

గణయతి:
ఎలా కలిసిపోతాయండీ? లకు తలకట్టే లేదు, వకు ఉంది. ప, వ తారుమారయ్యాయంటే నమ్ముతాను. ఇది చేతివాటం కాదు, ఎవరో కావాలని మార్చినది. ఎటు నుంచి ఎటు మార్చారన్నదే ప్రశ్న.

అడయారు అత్తయ్య:
"పొమ్మనుటె చావు" అనే మా నాన్నగారు చదివేవారు. అర్థం కూడా అదే బిగువుగా ఉంటుంది. చంపదగిన వాడికి మేలు చేసి పంపితే వాడు సిగ్గుతో చస్తాడు. "చాలు" అంటే ఏముంది, అన్నం పెట్టి సాగనంపినట్టు చప్పగా ఉంది.

పైగా ఆ గోడ మీద ఇప్పటికే ఉన్న కుఱళ్ ఏదో నేను చెప్పగలను. 314 అయి ఉంటుంది. "ఇన్నా సెయ్దారై ఒఱుత్తల్ అవర్ నాణ నన్నయం సెయ్దు విడల్". కీడు చేసిన వాణ్ణి శిక్షించడమంటే వాడు సిగ్గుపడేలా మంచి చేసి వదిలేయడం. "నాణ" అంటే సిగ్గుపడేలా. వేమన "చావు" అదే.

పెరంబూరు రైలు:
అత్తయ్యగారూ, ఆ కుఱళే. ఎలా పట్టారు?

అడయారు అత్తయ్య:
మద్రాసులో బడికి వెళ్ళిన వాళ్ళకు ఆ అధ్యాయంలో మరో కుఱళ్ గుర్తుండదు నాయనా.

మింటు వీధి మనవడు:
కుఱళ్‌లో "విడల్" మీద కూడా తగువుంది. కుఱళ్‌కు పాత వ్యాఖ్యాత పరిమేలళగర్ దాన్ని మరచిపోవడంగా చెప్పాడు, వాళ్ళు చేసిన కీడునూ, మనం చేసిన మేలునూ. వదిలిపెట్టడం కాదు. కాబట్టి విడల్ తెచ్చి పొమ్మనుటకు అతికించడం కుదరదు.

వేపేరి టీచర్:
ఈ ఫాదర్ పని ఎక్కడో విన్నట్టుంది. లాస్ ఏంజెలిస్‌లో గ్రెగొరీ బోయల్ చేసినదే కదా? ఆయన జెస్యూట్ అనే కాథలిక్ సంఘానికి చెందిన గురువు. 1986లో డొలోరెస్ మిషన్ అనే చర్చికి గురువుగా వెళ్ళారు. ఆ చుట్టుపక్కల ముఠాలు ఎక్కువ. కుర్రాళ్ళ అంత్యక్రియలు చేయించీ చేయించీ, వీళ్ళను పాతిపెట్టడం కన్నా పని చూపించడం మేలని 1988లో మొదలుపెట్టారు. 1992లో అక్కడ అల్లర్లు జరిగిన తర్వాత గుడికి ఎదురుగా మూతపడి ఉన్న బేకరీ చేతికి వచ్చింది. ఇవాళ్టి హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్ అందులోంచి పుట్టినదే. శత్రు ముఠాల వాళ్ళను పక్కపక్కన నిలబెట్టి రొట్టె చేయించడం అక్కడి పద్ధతి. ముఖాల మీద, మెడల మీద ఉన్న ముఠా పచ్చబొట్లు లేజరుతో డబ్బు తీసుకోకుండా తీసేస్తారు. 2024లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ఆయనకు అక్కడి అత్యున్నత పౌర పతకం ఇచ్చారు.

ఇక మీ పద్యానికి మా బైబిలులో జోడు ఉంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్ళతో కొట్టడానికి తెచ్చినప్పుడు చివరి మాట: "నేనును నీకు శిక్ష విధింపను, నీవు వెళ్లి ఇక పాపము చేయకుము". చూశారా, అక్కడా "వెళ్లి" ఉంది. పొమ్మనుటే చాలు.

పెరంబూరు రైలు:
అవును టీచర్‌గారూ, మా ఫాదర్‌కు ఆ ఆలోచన అక్కడిదే.

గణయతి:
"పొసగ" అన్న మాటను అందరూ దాటేస్తున్నారు. టీకా తాత్పర్యాల్లో "బాగా", "పూర్తిగా" అని రాసి వదిలేస్తారు. పొసగడం అంటే అమరడం, తగడం, కుదరడం. వాళ్ళిద్దరికీ పొసగదు అంటాం కదా. పొసగ మేలు చేయడమంటే వాడికి కుదిరేలా, అతికేలా చేయడం. చేతికందిన మేలు చేసేసి చేతులు దులుపుకోవడం కాదు. మూడో పాదానికి ప్రాణం చివరి మాటలో లేదు, మొదటి మాటలో ఉంది.

వేపేరి టీచర్:
లాస్ ఏంజెలిస్‌లో ఆ శిక్షణ కాలం 18 నెలలు. ఒక్క పని నేర్పడానికి అంతకాలం అక్కర్లేదు. మీరన్న పొసగడానికే అంత పడుతుంది కాబోలు.

అడయారు అత్తయ్య:
అన్నీ చెప్పి అసలైన వాణ్ణి మరిచారు. పోతన భాగవతం ప్రథమ స్కంధం తీయండి. నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపాడు. అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. చంపదగిన శత్రువు, చేతికి చిక్కాడు! ఆవిడ ఏమంది?

"ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకు జేయరు బలోత్సేకంబుతో జీకటిన్
భద్రాకారుల చిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతులెట్లాడెనో"

నీ చేతులెలా ఆడాయిరా అని అడిగింది. ఆ మీదట, నాలాగే వీడి తల్లి ఏడవకూడదు, విడిచిపెట్టండి అంది. అయిదుగురు బిడ్డలు పోయిన మనిషి. భీముడు ఒప్పుకోలేదనుకోండి. ఈ పద్యం చదివినప్పుడల్లా "చిన్నపాపల" దగ్గర నాకు గొంతు పడిపోతుంది.

మింటు వీధి మనవడు:
అత్తయ్యగారు "చావు" పక్షం కాబట్టి ఆవిడ చేతికి ఆయుధం నేనే ఇస్తున్నాను. అదే ఘట్టంలో కొంచెం ముందుకు వెళ్ళండి. "ధనము గొనుట యొండె దలగొఱుగుట యొండె / నాలయంబు వెడల నడచు టొండె". మూడో పాదంలో "చంపదగిన కర్మంబు" అని వస్తుంది. ఛందస్సు ఆటవెలది, మాట "చంపదగిన". సంస్కృత మూలంలో ఇంకా స్పష్టం: తల గొరగడం, ధనం లాక్కోవడం, స్థానం నుంచి వెళ్ళగొట్టడం, ఇదే వధ అంటుంది. వెళ్ళగొట్టడమే చావు. అంటే "పొమ్మనుటే చావు". వేమన చెవిలో ఆ శ్లోకం ఉండే ఉంటుంది. ఈ ముక్క ఎవరూ అచ్చులో పెట్టినట్టు లేదు, ముందుగా చెప్పింది నేనని గుర్తుంచుకోండి.

గణయతి:
గుర్తుంచుకుంటాం. కానీ ఆ నాలుగో పాదం ఎందుకు మింగేశారు? "జంపదగదు విప్రజాతి" అని ఉంది. ఆ మినహాయింపు పుట్టుకను బట్టి ఇచ్చినది. వేమన శత్రువు అన్నాడు, వాడి కులం అడగలేదు. ఆ శ్లోకం నుంచి ఈ పద్యం పుట్టి ఉంటే దాన్ని ఒప్పుకోవడానికి కాదు, కాదనడానికి పుట్టి ఉంటుంది.

వేపేరి టీచర్:
బాగా పట్టారు.

పెరంబూరు రైలు:
మనవడుగారి సిద్ధాంతం చదివి నాకు వేరే భయం పట్టుకుంది. మా దగ్గర పని నేర్చిన ఒక కుర్రాడికి అంబత్తూరులో ఉద్యోగం ఇప్పించి పంపారు. కొత్త చొక్కా కుట్టించారు, అందరూ చప్పట్లు కొట్టారు. పొసగ మేలు చేసి పొమ్మన్నట్టే. కొన్ని వారాలకే పాత వీధి అరుగు మీద కనిపించాడు. పని కష్టమై కాదు. సాయంత్రం ఆరు దాటాక పలకరించే మనిషి లేడట. పాత వాళ్ళు మాత్రం పేరు పెట్టి పిలుస్తున్నారట. అప్పటి నుంచి ఫాదర్ బేకరీని రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతున్నారు. పని లేకపోయినా వచ్చి కూర్చోవచ్చు. వాడూ వస్తున్నాడు. మాట్లాడడు, ట్రేల మీద అంటుకున్న మాడు గీకుతూ కూర్చుంటాడు. గీకే చేతి మీద కత్తి బొమ్మ పచ్చబొట్టు, దాని పిడి దగ్గర ఎవరిదో పేరు కొట్టేసి ఉంటుంది. మేలు చేశాక పొమ్మనడం ఇలాంటి వాళ్ళకు నిజంగానే చావు కదా?

అడయారు అత్తయ్య:
ఈ అర్థం మా నాన్నగారికి తట్టి ఉండదు.

మింటు వీధి మనవడు:
అది పద్యానికి అర్థం కాదండీ, పద్యం మీద మీ వ్యాఖ్య. రెండూ కలపకండి.

వేపేరి టీచర్:
ఎందుకు కలపకూడదు? చట్టం కూడా పొమ్మనే అంటుంది. 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షనులో మూలసూత్రాలున్నాయి. వాటిలో ఒకటి కొత్త ప్రారంభం: ప్రత్యేక సందర్భాల్లో తప్ప పిల్లవాడి పాత రికార్డులు చెరిపేయాలి. పదహారు దాటి ఘోర నేరాల్లో పెద్దవాళ్ళలా విచారణ జరిగిన వాళ్ళ దగ్గర మెలిక ఉంది, అది వేరే కథ. కాగితం చెరిగిపోతుంది. వీధి మాత్రం దేన్నీ చెరపదు.

భాషా సంఘం కాబట్టి ఇంకో సూత్రం చెబుతాను. ఆ పిల్లల గురించి చెప్పేటప్పుడు నిందించే మాటలు వాడకూడదని అదే సెక్షనులో ఉంది. బాలనేరస్థుడు అనకూడదు, చట్టంతో సంఘర్షణ పడిన బాలుడు అనాలి. చట్టంలోకి వ్యాకరణం వచ్చిన చోటు అది. మన పద్యంలో "శత్రువు" అని ఉంది. ఆ పిల్లలు రోజూ చూసే గోడ మీద మీరు ఆ మాట రాయిస్తారా?

గణయతి:
"శత్రువు" మార్చడానికి వీల్లేదు. చం-శ యతి పోతుంది.

వేపేరి టీచర్:
గణయతిగారూ, యతి కోసం పిల్లవాణ్ణి శత్రువును చేస్తారా?

గణయతి:
నేను చేయలేదు, వేమన చేశాడు. అయినా శత్రువు అన్నాక కదా కీడు చేయకూడదు అన్న మాటకు బరువు వచ్చింది. మిత్రుడికి కీడు చేయొద్దని చెప్పడానికి పద్యం ఎందుకు?

పెరంబూరు రైలు:
అయితే మూడో పాదమైనా మార్చుకోవచ్చా? "పొసగ మేలు చేసి రమ్మనుటే చాలు" అని రాయిస్తే?

గణయతి:
పొ-ర, యతిభంగం. చచ్చినా ఒప్పుకోను. మార్చే తీరాలంటే ఇలా మార్చండి: "పొసగ మేలు చేసి పొరుగున నిలుపుమా". నలము, నగము సరిపోయాయి, యతి నిలిచింది. అయితే కింద వేమన పేరు వేయడానికి వీల్లేదు.

మింటు వీధి మనవడు:
వేమన పేరు మీద ఇప్పటికి చెలామణీలో ఉన్న వాటిలో సగం ఇలా పుట్టినవే. బ్రౌను 1829లో ఇదే మద్రాసులో వేమన పద్యాలు అచ్చు వేయించే ముందు ప్రతులన్నీ ఎదురుగా పెట్టుకుని విసిగిపోయాడు. ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. ఆయన సేకరించిన ప్రతులు ఇక్కడి ప్రాచ్య లిఖిత భాండాగారంలోనే ఉన్నాయి. ఎవరైనా వచ్చే శనివారం తోడు వస్తే తాటాకులే చూసి తేల్చేద్దాం.

అడయారు అత్తయ్య:
పోయిన ఉగాదికి కూడా శనివారం అనే అన్నావు.

వేపేరి టీచర్:
పాఠాంతరాలు ఎందుకు, సుమతి శతకకారుడు ఉన్నాడు కదా. "అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నేర్పరి". గోడకు అది రాయించండి. ఎవరినీ శత్రువు అనలేదు. పైగా దయగలవాడు అనలేదు, నేర్పరి అన్నాడు. ఇది చేతనవ్వాల్సిన పని అని ఆయనకు తెలుసు.

మింటు వీధి మనవడు:
శత్రువు అనలేదు గానీ అపకారి అన్నాడు. ఏం తేడా? పైగా "నెపము" అంటే మీరేమనుకుంటున్నారు? తప్పా, సాకా? తప్పు ఎంచకుండా అని అందరూ చెబుతారు. సాకు వెతక్కుండా అని నేనంటాను. మేలు చేయకుండా తప్పించుకోవడానికి మనం వెతికే సాకు.

గణయతి:
అది వేరే చర్చ, వేరేగా పెట్టండి. ఇక్కడ ముందు తేలవలసినది ఒకటుంది. అత్తయ్యగారు పైన "పొమ్మనుటె" అని హ్రస్వంతో రాశారు. అలా రాస్తే "టెచావు" జగణం అవుతుంది, ఇంద్రగణాల్లో జగణానికి చోటు లేదు. టే దీర్ఘమే ఉండాలి. దయచేసి దిద్దండి.

అడయారు అత్తయ్య:
దిద్దను. మా నాన్నగారు అలాగే చదివేవారు.