పీటర్ టాష్ పాటల్లో కోపం ఎక్కడుంది?

అలిపిరి శ్రోత (తిరుపతి):

అందరికీ నమస్కారం. జమైకా సంగీతమైన రెగే అంటే బాబ్ మార్లీ ఒక్కడే అనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి. పోయిన నెల మా తమ్ముడు బెంగళూరులో ఒక పాత సామాన్ల అంగడిలో దొరికిందని పీటర్ టాష్ సీడీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. అది 1977లో వచ్చిన ‘ఈక్వల్ రైట్స్’. ఇతడు పోరాట గాయకుడనీ, తుపాకి ఆకారంలో ఉన్న గిటారు పట్టుకొని వేదిక ఎక్కేవాడనీ ఎక్కడో చదివి ఉన్నందువల్ల, గొంతు చించుకొని అరిచే పాటలు వింటానని సిద్ధపడి కూర్చున్నాను. తీరా వింటే అరుపు ఒక్కటీ లేదు. పాటలన్నీ తొందర లేకుండా, ఎవరో వరండాలో పచార్లు చేస్తున్నట్టు సాగుతున్నాయి. అయినా విన్న తరువాత మనసు కుదురుగా లేదు. ఇతడి కోపం ఎక్కడ దాగి ఉందో, నేను వినవలసినదేదో వినకుండా వదిలేశానో, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రికార్డుల పెట్టె (చిత్తూరు):

మీరు వదిలేసిందేమీ లేదండి, సరైన చోటే పట్టుకున్నారు. టాష్ కోపం గొంతులో ఉండదు, మాటల ఎంపికలో ఉంటుంది.

ఆ సీడీలోని మొదటి పాట ‘గెట్ అప్, స్టాండ్ అప్’ తీసుకోండి. దానిని మార్లీ, టాష్ కలిసి రాశారు. 1973లో ఇద్దరూ వైలర్స్ బృందంలో ఉండగా ‘బర్నిన్’ ఆల్బమ్‌లో పాడినప్పుడు టాష్‌కు దక్కింది చివరి చరణం. మార్లీ గొంతు దారి వేసిన తరువాత టాష్ గొంతు వచ్చి విసుగునంతా అక్కడ గుమ్మరిస్తుంది. 1974లో బృందం వదిలిన తరువాత, తన సొంత రికార్డులో అదే పాటను మొదటినుంచి చివరిదాకా తానే పాడాడు. రెండింటినీ వెంటవెంటనే వినండి. మార్లీ గొంతు జనాన్ని చేయి పట్టి లేపుతున్నట్టు ఉంటే, టాష్ గొంతు ఇంకా కూర్చొనే ఉన్నవాడి వైపు చూస్తూ నిలబడి ఉన్నట్టు ఉంటుంది.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలో ఆయన పట్టు ఇంకా స్పష్టం. అందరూ శాంతి కోసం అలమటిస్తున్నారు గాని న్యాయం కోసం అడిగేవాడు లేడనీ, తనకు కావలసింది శాంతి కాదు, సమాన హక్కులూ న్యాయమూ అనీ అంటాడు. ఇంత ఘాటైన మాటను లాలిపాటకు దగ్గరగా ఉండే నడకలో అనడమే ఆయన నేర్పు. చివరి పాట దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద నేరుగా రాసినది. మండేలా విడుదల కావడానికి 13 ఏళ్ల ముందే అది రికార్డు మీదికి ఎక్కింది. టాష్ 1987 సెప్టెంబరు 11న కింగ్‌స్టన్‌లోని తన ఇంట్లోనే దోపిడీకి వచ్చినవారి కాల్పుల్లో చనిపోయాడు కాబట్టి ఆ విడుదల చూడలేదు.

ఇక ‘డౌన్‌ప్రెసర్ మ్యాన్’. పీడించేవాణ్ణి ఇంగ్లీషులో ‘ఆప్రెసర్’ అంటారు గదా. అందులో ‘అప్’ అనే ధ్వని వినిపిస్తుందనీ, మనిషిని కిందికి తొక్కేవాడి పేరులో పైకి అన్న మాట ఎందుకుండాలనీ జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతంవారు ఆ పదాన్నే విరిచి ‘డౌన్‌ప్రెసర్’ అని మార్చుకున్నారు. ఆ పాటకు మూలం నల్లజాతి అమెరికన్ల పాత భక్తిగీతం. తీర్పు రోజున ఎక్కడికి పారిపోతావని అడిగే గీతమది. అందులోని పాపి స్థానంలో టాష్ పీడకుణ్ణి నిలబెట్టాడు.

పలక దెబ్బ (తిరుపతి):

పై సభ్యులు మాటల గురించి చెప్పారు గనుక నేను దెబ్బ గురించి చెబుతాను. రెగేలో ‘వన్ డ్రాప్’ అనే నడక ఉంది. నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బను డ్రమ్ము వాయించకుండా వదిలేసి, బరువంతా మూడో దెబ్బ మీద వేస్తుంది. మనం కాలు వేయబోయిన చోట నేల లేనట్టు అనిపించడానికి కారణం అదే. 1970ల నడుమ డ్రమ్ము వాయించే స్లై డన్‌బార్ ఈ ఖాళీని నింపుతూ, కవాతులా ముందుకు నడిచే ‘రాకర్స్’ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనా, బేస్ గిటారు వాయించే రాబీ షేక్‌స్పియర్ కలిసి టాష్ వెంట నిలిచారు. కాబట్టి మీరు పచార్లు అన్నది నిజానికి కవాతు. వేగం తక్కువ కావడం వల్ల మీకు అలా తోచింది.

మన గంగమ్మ జాతరలో పలకల వాళ్లను గమనించే ఉంటారు. మంటలో కాచి బిగించిన తోలు మీద వాళ్లు మొదట వేసేది వేగం కాదు, నిలకడ. వేషం కట్టినవాడు ఎదురొచ్చిన పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిడుతున్నా పలక తొణకదు. పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు తిరిగిన కథను అలాగే నడిపిస్తారు. టాష్ పాట విన్నప్పుడల్లా నాకు ఆ తిట్టూ, ఆ తొణకని దెబ్బా కలిసి గుర్తుకొస్తాయి. ఈ పోలిక నా సొంతం, జమైకా వాళ్ల మీద రుద్దడం లేదు.

రికార్డుల పెట్టె (చిత్తూరు):

పోలిక బాగుంది. ఆ తిట్టును అచ్చంగా వినాలంటే 1978 ఏప్రిల్ 22 నాటి ‘వన్ లవ్’ శాంతి కచేరీ రికార్డు వినండి. జమైకా ప్రధాని మైకేల్ మ్యాన్లీ, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగా ఇద్దరూ ఎదుట కూర్చొని ఉండగా, టాష్ పాటల నడుమ ఆగి వాళ్లను నిలదీశాడు. అదే రాత్రి మార్లీ ఆ ఇద్దరి చేతులూ కలిపిన ఫోటోనే లోకమంతా తిరిగింది. కొన్ని నెలలకు పోలీసులు టాష్‌ను దారుణంగా కొట్టారు.

గుంటూరు నుంచి వచ్చిన వాడు (తిరుపతి):

అందరూ మెచ్చుకుంటున్నప్పుడు అడ్డు చెప్పడం ఇబ్బందే గాని, ఆయన రికార్డులన్నీ ఒకే స్థాయిలో లేవన్నది నా అభిప్రాయం. 1978లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందంవారి రికార్డుల కంపెనీకి చేసిన ‘బుష్ డాక్టర్’లో ఆ బృందం గాయకుడు మిక్ జాగర్‌తో కలిసి పాడిన పాట వినసొంపుగా ఉంటుంది, అంతే. చక్కెర ఎక్కువైన కాఫీలాంటిది. గ్రామీ తెచ్చిపెట్టిన చివరి ఆల్బమ్ ‘నో న్యూక్లియర్ వార్’ కూడా ఉద్దేశంలో గొప్పదే గాని, మోతలో 1977 నాటి బిగువు లేదు. కొత్తవారు ‘ఈక్వల్ రైట్స్’ తరువాత వెనక్కి వెళ్లి 1976 నాటి ‘లీగలైజ్ ఇట్’ వినడం మేలు.

అలిపిరి శ్రోత (తిరుపతి):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మీరు చెప్పినట్టే రెండు ‘గెట్ అప్, స్టాండ్ అప్’లనూ ఒకదాని వెంట ఒకటి విన్నాను. తరువాత ‘డౌన్‌ప్రెసర్ మ్యాన్’ పెడితే, వంటింట్లో ఉన్న మా అమ్మ “ఏ ఊరి భజనరా అది?” అని అడిగింది. దాని మూలం భక్తిగీతమని నేను ఆమెకు అప్పటికి చెప్పనేలేదు.

రికార్డుల పెట్టె గారూ, మీ దగ్గర ‘ఈక్వల్ రైట్స్’ ఎల్పీ రికార్డు ఉన్నట్టయితే, ఆదివారం చిత్తూరు వచ్చి వినవచ్చా?