షెడ్డులో చావులు: ఈకోలికి మందు వేస్తే చాలా, గురక సంగతి చూడాలా?

పర్లాకిమిడి షెడ్డు: బ్రాయిలర్ పిల్లలకు నాలుగో వారం. రాత్రయితే గురక. చచ్చినవాటిని కోసి చూస్తే గుండె మీద, లివర్ మీద తెల్లటి పొర. మందుల షాపులో ఈకోలి అనే బ్యాక్టీరియా అన్నారు. పాతపట్నంలో మా బావేమో అసలు రోగం సీఆర్‌డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాలిక శ్వాసరోగం), ఈకోలి దాని వెనకాల దూరిందే అంటాడు. ఎవరి మాట వినాలి?

కాశీనగర్ రైతు: షాపతని మాటే వినండి. ఒట్టి సీఆర్‌డీకి కోళ్లు పెద్దగా చావవు, మేత తగ్గి బరువు రాదంతే. చంపేది ఈకోలి. ముందు చావులు ఆగాలి కదా!

గుణుపురం వెటర్నరీ: అన్నా, ఈకోలి ప్రతి కోడి పేగులోనూ, ప్రతి షెడ్డు ఊకలోనూ ఉంటుంది. మరి అన్ని షెడ్లలోనూ ఎందుకు చావట్లేదు? శ్వాసనాళం లోపల కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది. అది ఆడుతూనే ఉండి దుమ్మునీ క్రిముల్నీ పైకి నెట్టేస్తుంది. సీఆర్‌డీ తెచ్చే మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ అనే బ్యాక్టీరియా సరిగ్గా ఆ కణాలకే అతుక్కుంటుంది, నూగు దెబ్బతింటుంది. ఇక ఊక దుమ్ముతో లోపలికెళ్లిన ఈకోలి గాలి సంచుల్లోకి దిగి, రక్తంలో కలుస్తుంది. మీరు చూసిన తెల్ల పొర అప్పటిది. పందుల్లోనూ ఇదే వరస: బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా ముక్కు లోపలి పొరను పాడుచేస్తే, వెనకే పాశ్చురెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా చేరి ముక్కు ఎముకల్ని తినేస్తుంది.

ఇంకోటి. మైకోప్లాస్మాకి కణగోడే లేదు, కాబట్టి కణగోడ మీదే పనిచేసే అమాక్సిసిలిన్ దాన్నేం చేయలేదు. షాపులో కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ ఇస్తే మాత్రం తీసుకోకండి, కోళ్లకు దాన్ని 2019లోనే నిషేధించారు.

కాశీనగర్ రైతు: నూగే అసలు సంగతైతే తడి ఊక నుంచి లేచే అమ్మోనియా ఘాటుకీ పోతుంది. లసోటా టీకా వేశాకా గురక వస్తుంది. అన్నిటికీ మైకోప్లాస్మానే అంటే ఎలా సార్?

గుణుపురం వెటర్నరీ: ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే రక్తం తీయించి సీరం పరీక్ష చేయించమంటున్నా. మైకోప్లాస్మా తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా కూడా వస్తుంది, కాబట్టి పిల్లలు ఏ హేచరీవో కూడా చూడాలి. రిపోర్టు చూశాకే మందు రాస్తాను. పర్లాకిమిడి తమ్ముడూ, పరదాలు ఎలా దించుతున్నావు?

పర్లాకిమిడి షెడ్డు: చలికి పూర్తిగా దించేస్తున్నాం సార్. ఊక నీళ్ల గిన్నెల చుట్టూ ముద్దకట్టింది, పొద్దున్నే లోపలికెళ్తే కళ్లు మండుతున్నాయి.

గుణుపురం వెటర్నరీ: మరింకేం! ఇవాళే ఆ ముద్ద ఎత్తి పొడి ఊక వెయ్యి. రాత్రి పరదా పైన ఒక అడుగు ఖాళీ వదులు. రేపు బతికున్న, గురక పెట్టే పిల్లల్నే పరీక్షకు తీసుకెళ్లు, చచ్చినవి కాదు.