చేతి సీబీ రేడియో మనకు విద్య నేర్పిందా, హామ్ లైసెన్సు దాకా పోనివ్వకుండా ఆపిందా?

తార్నాక శ్రోత:
పోయిన వారం అటక సర్దుతుంటే మా పాత చేతి సీబీ సెట్ల జత బయటపడింది (సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం దగ్గరి దూరాల్లో మాట్లాడుకునే రేడియో). దాన్ని చూడగానే మా తమ్ముడు, "ఈ బొమ్మల మోజులో పడే మనం హామ్ పరీక్ష రాయలేదు" అన్నాడు (హామ్ అంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో). ఆ మాట నాకు మింగుడుపడలేదు కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించకుండా, ఏంటెన్నా సెట్టులోనే అమర్చి ఉన్న సీబీ రేడియోలకు లైసెన్సు అక్కరలేదని మన ప్రభుత్వం 2005లో నిబంధనలు తెచ్చింది. ఆ మరుసటి వేసవిలో మా చిన్నమామయ్య అమెరికా నుంచి ఈ జత తెచ్చాడు. సెట్టులో 40 ఛానెళ్లున్నా మన పరిధిలోకి వచ్చేవి మొదటి 27 మాత్రమే కావడంతో, నాన్నగారు ఛానెల్ మీటల పక్కన తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, ఎర్ర సిరాతో "27 దాటరాదు" అని రాశారు. ఆ ముక్క ఇప్పటికీ ఊడలేదు.

తెల్లవారుజామున తమ్ముడు ఒక సెట్టు పట్టుకుని మౌలాలి గుట్ట ఎక్కేవాడు, రెండోది పట్టుకుని నేను మా డాబా మీద కూర్చునేవాణ్ని. హోరును అణిచే స్క్వెల్చ్ నాబును పూర్తిగా తిప్పేస్తే హోరు ఆగేది కానీ దానితోపాటు తమ్ముడి గొంతూ పోయేది; హోరు ఆగీ ఆగని చోట వెంట్రుకవాసి వెనక్కి నిలిపితేనే "అన్నయ్యా, ఓవర్" అన్న మాట అందేది. వాడు మాట్లాడుతుండగా స్టేషను వైపు ఇంజను కూత వేస్తే, అది ముందు రేడియోలో వినిపించి, కొన్ని సెకన్ల తర్వాత గాలిలో మళ్లీ వినిపించేది. శబ్దానికీ రేడియో తరంగానికీ వేగంలో ఉన్న తేడా నాకు తెలిసింది తరగతి గదిలో కాదు, ఆ డాబా మీదే. బలహీనమైన గొంతు కోసం ఓపికగా చెవి ఒగ్గడం మాకు నేర్పింది ఆ సెట్టేనని నా నమ్మకం.

మారేడ్‌పల్లి హామ్:
అన్నగారూ, మీ జ్ఞాపకాన్ని గౌరవిస్తూనే నేను మీ తమ్ముడి పక్షం వహిస్తున్నాను. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు ఏంటెన్నా పెట్టాలన్నా రెండున్నర మీటర్లకు పైగా కావాలి. చేతి సెట్టులో అంత చోటు లేక, కాయిల్ చుట్టి పొట్టి ఏంటెన్నాతో సరిపెడతారు కాబట్టి, ఆ కాస్త శక్తిలోనూ చాలా భాగం తరంగంగా బయటికి వెళ్లకముందే వృథా అవుతుంది. నిబంధన ప్రకారం బయటి ఏంటెన్నా కట్టే వీలూ లేదు. అంటే మీరు నాబు తిప్పారే తప్ప రేడియోను సొంతంగా మార్చి చూడలేదు. పైగా హామ్‌లకు లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ లేదు, ఎవరితో మాట్లాడామో రాసిపెట్టే లాగ్‌బుక్ లేదు, కనుక ఎవరికీ జవాబుదారీ లేదు.

మన హైదరాబాదులోనే 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ (హామ్) రేడియో సంస్థ పనిచేస్తోంది. ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతీ ప్రసాద్ గారు, సునామీ వచ్చి ఇతర సమాచార మార్గాలు తెగిపోయిన వేళ, హామ్ రేడియో మీద సందేశాలు అందించారు. సందేశాన్ని అక్షరం పోకుండా రాసుకోవడం, ఎదుటివారికి వంతు ఇవ్వడం ముందే అలవాటై ఉంటేనే అటువంటి నిబ్బరం వస్తుంది. డాబా మీది ముచ్చట్లతో అది రాదు.

ఉప్పల్ వాసి:
నా అనుభవం మీ ఇద్దరికీ మధ్యలో ఉంది. 2014లో, సూర్యుని మీద మచ్చలు ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం నా చేతి సెట్టులో భాష తెలియని గొంతులు పది నిమిషాలపాటు స్పష్టంగా వినిపించి మాయమయ్యాయి. ఆ మచ్చల కాలంలో, చాలా ఎత్తున విద్యుదావేశంతో ఉండే గాలి పొర, అంటే అయనావరణం, తరంగాన్ని వంచి అంత దూరం మోసుకొస్తుందని ఆ తర్వాత చదువుకున్నాను. ఆ గొంతులు ఎక్కడివో తెలియలేదన్న బాధతోనే హామ్ పరీక్షకు కూర్చున్నాను. సీబీ నన్ను ఆపలేదు, ముందుకు తోసింది.

తార్నాక శ్రోత:
మారేడ్‌పల్లి మిత్రులు కాయిల్ సంగతి చెప్పాక నిన్న రాత్రి తమ్ముడూ నేనూ ఒక సెట్టు విప్పి చూశాం. ఏంటెన్నా మొదట్లో సన్నని రాగితీగ చుట్ట ఉంది. ఇన్నేళ్లూ దాన్ని అరచేతి కిందే పెట్టుకుని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ విషయంలో మీ మాటకు తలవంచుతున్నాను. ఎవరితో ఏం మాట్లాడామో ఒక్క ముక్క రాసిపెట్టుకోలేదన్నదీ నిజమే. అయితే వినడం నేర్పింది ఆ సెట్టేనన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

తమ్ముడి కూతురు భూతద్దం పట్టుకుని ఆ తీగ చుట్లు లెక్కపెడుతోంది. దానికి పన్నెండేళ్లు నిండాయి, హామ్ లైసెన్సులో మొదటి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్షకు ఆ వయసు చాలు. తెలుగులో చదువుకునే పిల్లకు మొదట ఏ పాఠాలు చెప్పించాలో మీరు సూచించండి.