జీడి, మామిడి పూత పిందెగా నిలవకపోవడానికి ఎండలే కారణమా?

కాశీనగరం రైతు:
ఒడిశాలోని గజపతి జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లలో పల్లానికి వరి, మెట్టకు జీడి, పెరట్లో మామిడి ఉంటాయి. చెట్టు నిండా పూత పూసి, పిందె మాత్రం పలచగా నిలిచే ఏళ్లు ఎక్కువవుతున్నాయి. దాళ్వా (వేసవి పంట) వరిలో తాలు, అంటే గింజ పట్టని పొల్లు, కూడా పెరిగింది. వాతావరణం మారి ఎండలు ముదరడమే దీనికి మూలమని కొందరు గట్టిగా అంటున్నారు. తోటలను గాలికి వదిలేసి నెపం ఎండ మీద వేస్తున్నారని మరికొందరి వాదన. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

గుణుపూర్ సభ్యుడు:
నేను రెండవ పక్షాన ఉన్నాను. మన సార్వా (వానాకాలపు) వరి ఈనేది, అంటే వెన్ను తీసేది, అక్టోబరు ప్రాంతంలో. అప్పటి ఎండ పూతను చెరిచేటంత ఉండదు. ఆ పంటలో తాలు పెరిగిందంటే పూతవేళ కురిసిన తుపాను వానో, పాలు పోసుకునే గింజను పీల్చే కంపునల్లో కారణమై ఉండాలి. ఇక జీడికి అసలు శత్రువు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. అది కుట్టిన చోట పూతకాడ మీద నల్లని మచ్చ పడి జిగురు కారుతుంది, కొద్ది రోజుల్లో గుత్తి మొత్తం కాలినట్టు ఎండిపోతుంది. దూరం నుంచి చూసినవారికి అది ఎండదెబ్బలాగే కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన తోటల స్థానంలో నాటిన చెట్లకు మా వైపు చాలాచోట్ల కొమ్మ కత్తిరింపు లేదు, ఎరువూ లేదు. ఇవన్నీ వదిలి భూతాపం గురించి మాట్లాడడం మన పనిని మనం తప్పించుకోవడమే.

పర్లాకిమిడి సభ్యురాలు:
గుణుపూర్ వారు టీ దోమ గురించి చెప్పినది నిజం, సార్వా వరి గురించి చెప్పినదీ చాలావరకు నిజమే. అయితే వాటిని బట్టి ఎండకు ప్రమేయమే లేదని తేల్చడాన్ని నేను ఒప్పుకోలేను. ఏ పంట ఏ నెలలో, ఏ వేళకు పూస్తుందన్నదే ఇక్కడ ముఖ్యం.

వరి పువ్వు సాధారణంగా ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నానికీ మధ్య విచ్చుకుని, సుమారు గంటసేపటికి మూసుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే కేసరాల తిత్తులు పగిలి, పుప్పొడి రాలి, అదే పువ్వులోని కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొసకు) అంటుకోవాలి. ఆ వేళ వేడి 35 డిగ్రీలు దాటితే తిత్తులు సరిగా పగలవు, రాలిన పుప్పొడి కూడా సరిగా మొలకెత్తదు. పైరు పచ్చగా, ఏపుగానే ఉంటుంది గాని, గింజ బరువు లేక వెన్ను వంగకుండా నిటారుగా నిలబడిపోతుంది. దాళ్వా ఆలస్యమై మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో ఈనితే ఈ ముప్పు తప్పదు. దీనికి తేనెటీగలు తగ్గడాన్ని కారణంగా చూపడానికీ వీలు లేదు, వరి తన పువ్వులో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట గనుక. రాత్రి వేడి సంగతి వేరే ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలంలో 1992 నుంచి 2003 వరకు వచ్చిన దిగుబడులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, వేసవి పంటకాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి దాదాపు 10 శాతం తగ్గుతున్నదని 2004లో ప్రకటించారు.

మామిడి విషయం ఇంత సూటిగా ఉండదు. ఒకే గుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి, పిందె కట్టేవి ద్విలింగ పూలే. పూమొగ్గ ఏర్పడడానికి చలి కావాలి, చలి చాలని ఏడు పూతకు బదులు చిగురు వస్తుంది. అయితే గుత్తి ఎదిగేటప్పుడు చలి మరీ ఎక్కువైతే మగపూల పాళ్లు పెరుగుతాయి, పుప్పొడి సత్తువ తగ్గుతుంది. అంటే ఆ దశలో కొంత వెచ్చదనం మేలే చేస్తుంది. కాబట్టి వేడి పెరిగితే మామిడికి అంతా నష్టమేననడం కూడా తొందరపాటే.

జీడిలోనూ మగపూలే చాలా ఎక్కువ. పుప్పొడి జిగటగా ఉండడం వల్ల దానిని మోయడానికి ఈగలూ తేనెటీగలూ కావాలి. పూతకాలంలో మబ్బు పట్టి ఉంటే టీ దోమ ఉద్ధృతమవుతుందన్నది జీడి రైతులందరికీ తెలిసినదే. అలాంటప్పుడు దోమను ఒక పక్షంలోనూ వాతావరణాన్ని మరో పక్షంలోనూ నిలబెట్టి వాదించడం సరికాదు.

గుణుపూర్ సభ్యుడు:
మీరు చెప్పినదంతా సరే అనుకుందాం. రైతు ఎండను ఆపలేడు, దోమకు మందు కొట్టగలడు. అతని చేతిలో ఉన్నదాని గురించే ముందు మాట్లాడాలని నా అభిప్రాయం.

పర్లాకిమిడి సభ్యురాలు:
నాట్ల తేదీ కూడా రైతు చేతిలోనిదే కదండీ. దాళ్వాను ముందుగా నాటితే, లేదా తక్కువ కాలపు రకం వేస్తే, పూత ముదురు ఎండకు ముందే ముగుస్తుంది. వేడిని తట్టుకునే నగీనా 22 వంటి పాత రకం మన దేశానిదే. తెల్లవారుజామునే పూసే గుణాన్ని అడవి వరి నుంచి సాగు వరిలోకి తెచ్చిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. మందు విషయానికి వస్తే, పూత మీద పట్టపగలు కొట్టినప్పుడు దోమతో పాటు తేనెటీగలూ చస్తాయి. దోమ కనిపిస్తేనే, అదీ సాయంత్రం పూట కొట్టాలి. కాశీనగరం వారు మచ్చలున్న గుత్తులనూ మచ్చ లేకుండా రాలిన పూతనూ వేరుగా చూసి చెబితే, కారణాన్ని విడదీయడం సాధ్యమవుతుంది.

కాశీనగరం రైతు:
జీడి గుత్తుల మీద నల్లని మచ్చలు చాలానే ఉన్నాయి. మామిడిలో అలాంటి మచ్చలేమీ లేకుండానే పూత రాలుతోంది. కాలువ నీరు ఆలస్యం కావడం వల్ల మా దాళ్వా నాట్లు ఫిబ్రవరిలో పడ్డాయి.

గుణుపూర్ సభ్యుడు:
దాళ్వా తాలు విషయంలో పర్లాకిమిడి వారి మాటకు ఎదురు చెప్పను. అయితే నాట్లను వెనక్కి నెట్టింది కాలువ నీరు కాబట్టి, మన అర్జీ వెళ్లవలసింది నీటిపారుదల వారికే. మామిడిని మాత్రం అప్పుడే ఎండ ఖాతాలో వేయకండి. ఆకుల మీద తేనెలాంటి జిగురు, దాని మీద మసిలాంటి నల్లని పొర ఉన్నాయేమో చూడండి. ఉంటే అది తేనెమంచు పురుగు పని.