కిట్ గైరోప్లేన్ కట్టుకోవాలని ఉంది: ఎంత డబ్బు పక్కన పెట్టాలి, ట్రైనింగ్ ముందా కిట్ ముందా?

గ్యారేజీ పక్షి:

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి ఒకటే పురుగు బుర్ర తొలుస్తోంది, ఒక్క సీటు గైరోప్లేన్ (వెనక ప్రొపెల్లర్ తోస్తుంటే, పైన గాలికే తిరిగే రోటర్ మోసే చిన్న యంత్రం) కిట్ తెచ్చుకుని నా చేతులతో నేనే కట్టుకుని ఎగరాలని. డ్రిల్లింగ్, వెల్డింగ్, వైరింగ్ పనులు బాగానే వచ్చు, పాత మోటార్‌సైకిల్ ఇంజిన్లు రెండు మూడు విప్పి బిగించాను. మామూలు రెక్కల మైక్రోలైట్ మీద 70 గంటలు ఎగిరిన అనుభవం కూడా ఉంది.

నేను వేసుకున్న లెక్క ఇది: కిట్ ధర, దాని మీద ఓ 20 శాతం పైఖర్చులు, అంతే. ట్రైనింగ్‌కి ఏమీ పెట్టలేదు. ఎగరడం ఎలాగూ వచ్చు కదా, కట్టడం అయ్యాక పొడవాటి రన్‌వే చూసుకుని ముందు నేల మీదే తిప్పి, తర్వాత అడుగు రెండడుగులు లేపి దించుతూ అలవాటు చేసుకుందామని. కిట్ అమ్మేవాళ్లు కూడా "విమానం నడిపినవాళ్లకి ఇదో లెక్కా" అన్నారు. పైగా ఇది స్టాల్ అవ్వదు (వేగం తగ్గితే రెక్క ఒక్కసారిగా లిఫ్ట్ కోల్పోయి పడిపోవడం ఉండదు), ఇంజిన్ ఆగినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది అని చెప్పి ఇంట్లోవాళ్లని కూడా దాదాపు ఒప్పించేశాను.

నా 20 శాతం సరిపోతుందా? ఇంజిన్ కొత్తది కొనాలా, పాతది చూడాలా? ట్రైనింగ్ నిజంగా మొదటి నుంచి తీసుకోవాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

రోటర్ తాత:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా, మీ 20 శాతం రోటర్ బ్లేడ్ల దగ్గరే అయిపోతుంది.

కిట్ ధర అని రాసినచోట అందులో ఏమేం వస్తాయో ఒక్కొక్క వరుసా చదవండి. చాలావాటిలో ఫ్రేమ్, మాస్ట్, రోటర్ హెడ్, తోక, సీటు, చక్రాలు ఉంటాయి, అక్కడితో సరి. ఇంజిన్ విడిగా, ప్రొపెల్లర్ విడిగా, కొందరి దగ్గర బ్లేడ్లు కూడా విడిగానే. నా లెక్క చెప్తా, ధరలు చోటుకో రకం కాబట్టి కిట్‌ని 100 అనుకుందాం. బ్లేడ్లకి 25 అయింది. ఇంజిన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ కలిపి 90. మీటర్లు, రేడియో, హెల్మెట్ 15. రవాణా, సుంకం 12, ట్రైలర్ 15, టార్క్ రెంచ్ లాంటి పనిముట్లకి 8, రంగులకీ కవర్లకీ 5. చివర్లో ఇంకో 10 ఉంది, అది పూర్తిగా నా తెలివితక్కువకి కట్టుకున్న జరిమానా: తప్పుగా రంధ్రాలు వేసిన రెండు ప్లేట్లు, పొడవు సరిగ్గా కొలవకుండా తెప్పించి మళ్లీ తెప్పించిన కంట్రోల్ కేబుళ్లు, ఇలాంటివి. మొత్తం 280. ట్రైనింగ్ ఇందులో లేదు, దానికి ఇంకో 45 అయింది. ఖర్చు చేసినందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడనిది ఆ 45 ఒక్కటే.

ఇంజిన్ సంగతి. రోటాక్స్ 582 టూ-స్ట్రోక్, 65 హార్స్‌పవర్, బరువు తక్కువ, చవక, ఒక్క సీటు గైరోకి సరిపోతుంది. కానీ 300 గంటలకి ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగుచేయించడం. అదే కంపెనీ ఫోర్-స్ట్రోక్ 912లో 100 హార్స్‌పవర్ రకానికి అది 2000 గంటలు, కాకపోతే కొనేటప్పుడే జేబు ఖాళీ, బరువు ఎక్కువ కాబట్టి మీ ఫ్రేమ్ దానికి తగ్గది అవ్వాలి, పైగా గంటలు నిండకపోయినా అయిదేళ్లకోసారి రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ఏదైనా సరే, ఎగిరిన ప్రతి గంటకీ ఓవర్‌హాల్ కోసం ఇంత అని పక్కన పెట్టే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి, లేకపోతే 300 గంటలు రాగానే యంత్రానికి దుప్పటి కప్పి కూర్చోవడమే.

పాత ఇంజిన్ అయితే లాగ్‌బుక్ లేకుండా ముట్టుకోకండి. నేను మొదట కొన్నది "తక్కువ గంటలు తిరిగింది" అన్నారు, నిజమే, తక్కువే తిరిగింది, మిగతా ఏళ్లన్నీ తడి షెడ్డులో పడుకుంది. సీళ్లు ఎండిపోయి, క్రాంక్ బేరింగులు తుప్పు పట్టి ఉన్నాయి. దాన్ని విప్పించి బాగుచేయించిన ఖర్చుతో దాదాపు కొత్తది వచ్చేది (పై 90లో ఈ ఘనకార్యం కూడా ఉంది).

హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, పెట్రోలు ఏటా ఎలాగూ ఉంటాయి. ఇన్సూరెన్స్ వాళ్లు గైరో మీద మీకు ఎన్ని గంటలున్నాయని అడుగుతారు, రెక్కల విమానం గంటలు కాదు. ట్రైనింగ్ సంగతి మాస్టారు చెప్తారులెండి, ఆయన ఈ ప్రశ్న చూస్తే ఊరుకోరు.

వెనక సీటు మాస్టారు:

ఊరుకోను. మీరు రాసిన ప్లాన్‌లో నన్ను భయపెట్టింది బడ్జెట్ కాదు, ఆ "అడుగు రెండడుగులు లేపి దించుతూ" అన్న మాట.

గైరో పుట్టిందే స్టాల్ భయంతో. 1919లో తను తయారుచేసిన పెద్ద విమానం స్టాల్ అయి కూలాక స్పెయిన్ ఇంజినీరు హువాన్ డె లా సియెర్వా ఈ దారి పట్టాడు, 1923లో ఆయన ఆటోజైరో (గైరోకి అప్పటి పేరు) ఎగిరింది. స్టాల్ అవ్వదన్నది నిజం. కానీ దీని జబ్బులు దీనికున్నాయి, అవి రెక్కల విమానం నడిపినవాడికే ముందు అంటుకుంటాయి. మీ 70 గంటల్లో చేతికి ఏం అలవాటైంది? ముక్కు లేచినా, వేగం తగ్గినా, ఒళ్లు గగుర్పొడిచినా స్టిక్ ముందుకి తొయ్యడం. గైరోలో రోటర్‌కి ఇంజిన్ లేదు, కింది నుంచి తిరిగే బ్లేడ్ల డిస్కులోకి ఎక్కే గాలే దాన్ని తిప్పుతుంది. మీరు స్టిక్ గబుక్కున ముందుకి తోస్తే రోటర్ మీద బరువు పోతుంది, గాలి కింది నుంచి రావడం ఆగుతుంది, రోటర్ చక్కర్లు తగ్గిపోవడం మొదలవుతుంది. అదే సమయంలో వెనకనున్న ప్రొపెల్లర్ ఫుల్ పవర్‌తో తోస్తూ ఉంటుంది, అది బరువు కేంద్రానికి పైన ఉన్న యంత్రమైతే ముక్కుని కిందికి పల్టీ కొట్టిస్తుంది. ఒకసారి అది మొదలైతే ఇక తిప్పుకునే దారి లేదు. అందుకే నా స్టూడెంట్లకి ముందు చెప్పేది ఒకటే, అనుమానం వస్తే ముందు థ్రాటిల్ తగ్గించు, స్టిక్ ముందుకి తొయ్యకు. నోటితో వెంటనే అప్పజెప్తారు. చేతికి ఎక్కడానికే వారాలు పడుతుంది.

1950లలో ఇగోర్ బెన్సెన్ ప్లాన్లు, కిట్లు అమ్మడం మొదలుపెట్టాక జనం మీరు చెప్పిన పద్ధతిలోనే నేర్చుకున్నారు. ఒక్క సీటు యంత్రం, పక్కన చెప్పేవాడు లేడు, కారు వెనక తాడుతో లాగించుకోవడం, రన్‌వే మీద గంతులు. చాలామంది అలాగే పోయారు.

నేల మీద కూడా తేలిక కాదు. రోటర్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగా మీరు వేగంగా పరుగు తీస్తే ముందుకొచ్చే బ్లేడు పైకి లేస్తుంది, వెనక్కి వెళ్లే బ్లేడు లిఫ్ట్ కోల్పోయి కిందికి వాలుతుంది, స్టిక్ చేతిలో సుత్తిలా కొట్టుకుంటుంది, మరు సెకనులో బ్లేడు తోకకి తగులుతుంది. పరుగుకి ముందే రోటర్‌ని తిప్పే సాధనం, ప్రీరొటేటర్‌తో, దాన్ని నిమిషానికి 200 చక్కర్ల దాకా తిప్పుకుని, స్టిక్ వెనక్కి పట్టుకుని, బ్రేకు వదిలి, మీటర్ చూస్తూ వేగం పెంచాలి. ముక్కు లేవగానే వెనక చక్రాల మీద నిలబెట్టాలి, అది తనంతట తను లేస్తుంది, లేచాక కూడా వెంటనే ఎక్కకుండా నేలకి దగ్గరగా వేగం తెచ్చుకోవాలి. ముక్కెత్తి లాక్కుపోతే ఫుల్ పవర్ ఉండి కూడా కిందికి దిగిపోతారు.

ఇంజిన్ ఆగితే గొడుగులా దిగొచ్చనుకోకండి. వెయ్యి అడుగుల ఎత్తుంటే ముందుకి మూడు నాలుగు వేల అడుగులే చేతిలో ఉన్నట్టు, అందులోనే చోటు వెతుక్కోవాలి.

గంటల విషయానికొస్తే, అమెరికాలో గైరోకి స్పోర్ట్ పైలట్ లైసెన్సు మొదటిసారి తీసుకునేవాళ్లకి కనీసం 20 గంటలు, అందులో 15 ఇన్‌స్ట్రక్టర్‌తో. అది కనీసం. మీ 70 గంటల వల్ల రేడియో, వాతావరణం, సర్క్యూట్ లాంటివి మళ్లీ నేర్చుకోనక్కర్లేదు, కానీ చెయ్యి మార్చుకోవడానికి అయ్యే టైమ్ అవుతుంది. నేనైతే 30 గంటలకి డబ్బు పెట్టుకోమంటాను.

అమ్మేశాను:

నేను కిట్ ముందు కొన్నాను. ఫ్రేమ్ దాకా వచ్చాక డబ్బు అయిపోయింది, ఏడాది గడిచింది, పెళ్లయింది, ఇంకో ఏడాది గడిచింది, నష్టానికి అమ్మేశాను. సగం కట్టిన కిట్లు అమ్మకానికి ఎన్ని ఉంటాయో ఒకసారి వెతికి చూడండి. మీకు నిజంగా కావాల్సింది ఎగరడమా, కట్టడమా? ఎగరడమే అయితే బాగా చూసుకున్న రెండో చేతి రెడీ యంత్రం కొనడం నయం.

గ్యారేజీ పక్షి:

నిద్ర పట్టేలా లేదు ఈ రాత్రి. నాకు కట్టడం కూడా కావాలి, అది వదులుకోను. మాస్టారు చెప్పిన ప్రొపెల్లర్ ఎత్తు సంగతి మాత్రం నాకు కొత్త. కిట్ ఎంచుకునేటప్పుడు దాన్ని ఎలా కనిపెట్టాలి? నేను చూస్తున్నదానికి తోకలో నిలువు రడ్డర్ ఒక్కటే ఉంది, అడ్డ తోక లేదు. దాని అవసరం లేదని అమ్మేవాళ్లన్నారు.

స్ప్లిట్ పిన్:

అయితే దాన్ని వదిలెయ్యండి. నేను రెండు కట్టాను, మొదటిదానికి అడ్డ తోక లేదు. గాలి ఊగిసలాడే మధ్యాహ్నాల్లో ముక్కు పైకీ కిందికీ ఊగేది, నేను స్టిక్‌తో సరిదిద్దబోతే నా దిద్దుబాటు ఆలస్యమై ఊపు ఇంకా పెరిగేది. ఒకసారి థ్రాటిల్ లాగేసి, స్టిక్ కదపకుండా పట్టుకుంటే సర్దుకుంది, ఆ రోజు దిగాక మళ్లీ ఎక్కలేదు. రెండోదానికి ప్రొపెల్లర్ గాలి తగిలేచోట పెద్ద అడ్డ తోక, ఇంజిన్ కాస్త కిందికి, సీటు కాస్త పైకి. అదే మనిషి, అదే మధ్యాహ్నం గాలి, కానీ యంత్రం తిన్నగా పోతుంది.

ప్రొపెల్లర్ మధ్య నుంచి గీసిన గీత, మీరు కూర్చున్నప్పటి మొత్తం బరువు కేంద్రానికి ఎంత దగ్గరగా పోతే అంత మంచిది. ఇక్కడ ఒక చిక్కుంది, ఒక్క సీటు యంత్రంలో మీ బరువే పెద్ద వాటా, కాబట్టి కాగితం మీది లెక్క ఇంకొకరిది. నమ్మకం కావాలంటే వేలాడదీసి చూడాలి. రోటర్ హెడ్‌లో బ్లేడ్లు ఊగే ఆ ఒక్క బోల్టు దగ్గర పట్టుకుని, గట్టి దూలానికి చైన్ బ్లాక్‌తో యంత్రాన్ని లేపుతారు, మీరు హెల్మెట్, బూట్లు వేసుకుని సీట్లో కూర్చుంటారు, పక్కవాళ్లు కోణం కొలిచి మాన్యువల్‌తో పోల్చుకుంటారు. ట్యాంకు నిండుగా ఒకసారి, అడుగంటినట్టు ఒకసారి. రెండో చోట పట్టుకుని ఇంకోసారి వేలాడదీస్తే రెండు నిలువు గీతలు కలిసేచోట కేంద్రం ఎంత ఎత్తులో ఉందో కూడా తెలిసిపోతుంది. మా షెడ్డులో ఇది చేసిన రోజు చుట్టుపక్కల పిల్లలందరూ ఉయ్యాల చూడ్డానికి వచ్చారు.

ఆ బోల్టు గురించే ఇంకో మాట. మీరు ఎగిరినంతసేపూ దాని మీదే వేలాడుతుంటారు. అక్కడి నట్టు, అది ఊడకుండా దానిలో పెట్టే స్ప్లిట్ పిన్, మీరు బిగించాక ఇంకొకరి చేత చూపించండి. నేను ఒకసారి పిన్ పెట్టానని ఒట్టేసి చెప్పాను, మా తమ్ముడు వేలు పెట్టి చూపించాడు, ఖాళీ రంధ్రం.

గ్యారేజీ పక్షి:

సరే, ప్లాన్ తిరగేశాను. ముందు రెండు సీట్ల యంత్రం మీద మాస్టారి లాంటివాళ్ల దగ్గర 10 గంటలు, అప్పటికీ పిచ్చి తగ్గకపోతే కిట్ ఎంపిక, కడుతున్నన్నాళ్లూ నెలకో రెండు గంటలు చెయ్యి మర్చిపోకుండా. కిట్‌కి దాచిన డబ్బులో 45 ముందే తీసి ట్రైనింగ్ ఖాతాలో వేశాను, మిగతాది 280కి ఎప్పటికి చేరుతుందో గానీ, ఇంజిన్ చివర్లోనే కొంటాను కాబట్టి టైమ్ ఉంది.

రోటర్ తాత:

ఇంజిన్ చివర్లో కొనడం మంచి పని, ముందే కొని షెడ్డులో పడుకోబెట్టకండి, నా కథ తెలిసిందే కదా. ఇంతకీ మీ బరువెంత? హెల్మెట్‌తో సహా చెప్పండి, బ్లేడ్ల పొడవు అక్కడి నుంచే మొదలవుతుంది.