బస్సులో వెళ్లి, కొండ దాటి నడిచి, మళ్లీ బస్సులోనే వెనక్కి: ఈ ప్లాన్ కుదురుతుందా? (ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు. ముందున్నవి రాసినవాళ్ల మారుపేర్లు.)

కాలినడక:
కారు లేదు, బస్సే దిక్కు. ఇద్దరం, మామూలు ఓపిక. పల్లెల మధ్య కొండ మీదుగా పోయే 14 కిలోమీటర్ల కాలిబాట ఒకటి చూసి పెట్టుకున్నాం. ఒక చివర మెయిన్ రోడ్డు మీది ఊరు. అక్కడ అరగంటకో బస్సు, రాత్రి 8 దాకా ఉంటాయి. రెండో చివర లోపలి పల్లె. అక్కడికి పొద్దున 8:15కి ఒక బస్సు వస్తుంది. అక్కణ్ణుంచి బయటికి రావడానికి మధ్యాహ్నం 3:30కి ఒకటి, సాయంత్రం 5:40కి ఆఖరిది.

రోడ్డు మీది ఊళ్లో 9:20కి దిగి, పల్లె వైపు నడిచి, 3:30 బస్సు అందుకోవాలని ఆలోచన. ఎక్కుడు మొత్తం 540 మీటర్లు, దిగుడు 480. ఆ దిగుడులో 300 మీటర్లు చివరి 1.3 కిలోమీటర్లలోనే ఉంది. టైము సరిపోతుందా?

గట్టుదారి:
కాగితం మీద సరిపోతుంది, కానీ అంచు మీద. లెక్క చూడండి.

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ మొదటి అంచనాకి వాడతారు: గంటకి 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మీ 14 కిలోమీటర్లకి 2 గంటల 48 నిమిషాలు, 540 మీటర్లకి 54 నిమిషాలు. మొత్తం 3 గంటల 42 నిమిషాలు. దిగుడు ఈ సూత్రంలో లేదు. ఎరిక్ లాంగ్‌మ్యూర్ తర్వాత చేసిన సవరణ ప్రకారం వాలు 12 డిగ్రీలు దాటితే ప్రతి 300 మీటర్ల దిగుడుకి 10 నిమిషాలు కలపాలి. 1.3 కిలోమీటర్లలో 300 మీటర్లంటే సుమారు 13 డిగ్రీలు, కాబట్టి కలపాల్సిందే. 3 గంటల 52 నిమిషాలు అయింది.

ఇదంతా ఆగకుండా నడిస్తే. గంటకి 10 నిమిషాల చొప్పున 40, తిండికి 30 వేసుకోండి. 9:30కి మొదలుపెడితే 2:32కి పల్లెలో ఉంటారు. గంట చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ నైస్మిత్ సూత్రం అలవాటున్న కాళ్లకి, మంచి దారికి. మామూలు ఓపిక అన్నారు కాబట్టి నడక టైముకి నాలుగో వంతు కలపండి. 4 గంటల 50 నిమిషాల నడక, గంటా 10 నిమిషాల విరామం, పల్లె చేరేది సరిగ్గా 3:30కి. అంటే బస్సు దుమ్ము రేపుకుంటూ పోతుంటే మీరు వెనక నుంచి చూస్తారు.

నా మాట: దిశ తిప్పేయండి. బస్సులు తక్కువున్న చివర నుంచి మొదలుపెట్టి, ఎక్కువున్న చివర ముగించాలి. బస్సుతో నడిచేవాళ్లకి ఇదొక్కటి తెలిస్తే సగం బాధ పోతుంది. 8:15కి పల్లెలో దిగి 8:25కి నడక మొదలుపెడితే ఎక్కుడు 480 కాబట్టి నడక 3:36. నాలుగో వంతు కలిపితే 4:30, విరామాలతో 5:40. మధ్యాహ్నం 2:05కి రోడ్డు మీదుంటారు. రోడ్డు వైపు వాలు కూడా నిటారుగా ఉంటే ఇంకో పది, పదిహేను నిమిషాలు. ఆలస్యమైనా కొంప మునగదు, అరగంటకి ఇంకోటి వస్తుంది. పైగా ఆ నిటారు భాగం కాళ్లు తాజాగా ఉన్నప్పుడు ఎక్కుడుగా వస్తుంది. మోకాళ్లకి దిగుడుకన్నా అదే నయం.

ఆఖరిబస్సు:
దిశ విషయంలో పై మాటే. నేను టైంటేబుల్ గురించి చెబుతాను, అందరూ దెబ్బతినేది అక్కడే.

లోపలి పల్లెకి సాయంత్రం వెళ్లే ఆఖరి బస్సు చాలాచోట్ల రాత్రికి అక్కడే ఆగి పొద్దున బయల్దేరుతుంది. పట్టికలో ఆ ఊరి పేరు పక్కన టైము కనిపిస్తుంది, కానీ అది చేరే టైము, బయల్దేరేది కాదు. రాను, పోను పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండోది, పట్టికలో ప్రతి స్టాపుకీ టైము ఉన్నా అన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని పెద్ద స్టాపుల్లోనే డ్రైవర్ టైము పాటిస్తాడు, ముందుగా వస్తే ఆగుతాడు. మధ్యలోవి దూరాన్ని బట్టి వేసిన అంచనాలు. రోడ్డు ఖాళీగా ఉంటే బస్సు అక్కడికి ముందే వచ్చి వెళ్లిపోతుంది. మధ్య స్టాపులో ఎక్కేవాళ్లు కనీసం 15 నిమిషాల ముందు నిలబడాలి.

ఫోన్ యాప్‌ని గుడ్డిగా నమ్మకండి. యాప్‌లు ఎక్కువగా జీటీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల నుంచి టైములు తీసుకుంటాయి. వారపు రోజులు ఒక ఫైల్లో, సెలవు రోజుల మార్పులు వేరే ఫైల్లో ఉంటాయి. ఆ రెండోది నింపకపోతే పండగ రోజు కూడా మామూలు బస్సులే చూపిస్తుంది.

ఒకటే రూలు: ఆఖరి బస్సు ప్లాన్‌లో ఉండకూడదు. దానికి ముందుదే మీ బస్సు, ఆఖరిది పొరపాట్లకి.

కాలినడక:
దిశ తిప్పేస్తున్నాం, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొకటి. పట్టికలో పొద్దున 8:15 పక్కన చిన్న నక్షత్రం గుర్తుంది. కింద "బడి రోజుల్లో మాత్రమే" అని రాసుంది. మేం వెళ్లేది ఆదివారం.

ఆఖరిబస్సు:
అయితే ఆ బస్సు రాదు. ఆదివారం పట్టికలో పల్లెకి మొదటి బస్సు ఎన్నింటికో చూడండి. 9:45 లోపు ఉంటే సాయంత్రం 4 లోపు రోడ్డెక్కేస్తారు కాబట్టి దిశ మళ్లీ మార్చక్కర్లేదు. 11 దాటితే ప్లాన్ శనివారానికి మార్చడమే మేలు, కాకపోతే ఆ బస్సు శనివారం ఉందో లేదో మళ్లీ చూడాలి. కొన్నిచోట్ల శనివారం కూడా బడి రోజు కాదు.

గీతలమ్యాప్:
బస్సు సంగతి తేలాక దారి సంగతి. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీత కనబడినంత మాత్రాన నేల మీద బాట ఉంటుందనుకోకండి. ఆ గీతని నొక్కి చూడండి. "ట్రాక్" అంటే బండి పట్టే దారి, "పాత్" అంటే కాలిబాట. "ట్రెయిల్ విజిబిలిటీ" (బాట ఎంత స్పష్టంగా కనబడుతుంది) అనే వివరం ఉండి అందులో "బ్యాడ్" అనో "హారిబుల్" అనో ఉంటే ఆ ముక్కకి గంటకి 5 కాదు, 3 కిలోమీటర్లు వేసుకోండి. ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చండి, కానీ చెట్ల గుబురు కింద బాట పైనుంచి కనబడదు.

ఎక్కుడు లెక్క ఎక్కణ్ణుంచి తీశారన్నది కూడా ముఖ్యం. వేరేవాళ్ల ఫోన్‌లో రికార్డయిన జీపీఎక్స్ (నడిచిన దారి జాడ) ఫైలైతే ఎత్తు పైకీ కిందికీ వణుకుతూ ఉంటుంది. ఆ చిన్న చిన్న వణుకులన్నీ కూడితే మొత్తం పెరిగిపోతుంది. మ్యాప్‌లో కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) లెక్కపెట్టి చూసుకోండి. గీతకీ గీతకీ 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటే, ఎక్కే ముక్కలో బాట 24 గీతల్ని దాటితే 480.

మధ్యలో బాట ఎక్కడెక్కడ తారు రోడ్డుని దాటుతుందో గుర్తుపెట్టుకోండి, ఆ రోడ్డు మీద బస్సు తిరుగుతుందా అన్నది కూడా. ఒకరికి మడమ బెణికితే అదే బయటపడే దారి. ప్రతి దాటే చోటా ఒక గడువు రాసుకోండి: "11:30కి ఇక్కడ లేకపోతే ఇటే దిగిపోవాలి." గడువు ఇంట్లోనే రాయాలి. కొండ మీద కూర్చుని వేసే లెక్క ఎప్పుడూ ముందుకే పొమ్మంటుంది.

మ్యాప్ ఆఫ్‌లైన్‌గా దించుకోండి. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు, కానీ డేటా లేకుండా మొదటిసారి చోటు పట్టడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. బస్సు దిగగానే ఆన్ చేసి, ఆకాశం కనబడే చోట నిలబడండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఆ బాధ ఉండదు. జీపీఎస్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది.

గట్టుదారి:
నీళ్లు మర్చిపోయాం. చల్లటి రోజైతే మనిషికి గంటకి అర లీటరు, ఎండైతే ముప్పావు నుంచి లీటరు. మీ నడకకి కనీసం రెండున్నర లీటర్లు. తలకి కట్టుకునే లైటు పగటి నడకైనా సంచిలో ఉండాలి.

మలుపుస్టాపు:
ఎక్కేటప్పటి సంగతి ఎవరూ రాయలేదు. బోర్డు లేని స్టాపుల్లో చెయ్యెత్తితేనే బస్సు ఆగుతుంది. మలుపులోనో మిట్ట దాటగానేనో నిలబడితే డ్రైవర్‌కి మీరు కనబడేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. వంద మీటర్లు తిన్నగా కనబడే చోట, బస్సు వచ్చే వైపే నిలబడండి. రోడ్డు అవతల నిలబడి పరుగెత్తితే ఆపరు. చీకటి పడితే లైటు మీ చొక్కా మీద వేసుకోండి, డ్రైవర్ కళ్లల్లోకి కాదు. కొన్ని దూరపు బస్సులు పట్నం దగ్గరి స్టాపుల్లో దింపడమే గానీ ఎక్కించుకోవు. ఆ సంగతి కూడా పట్టిక కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

బురద బూట్లకి ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి. ఊతకర్రలు మడిచి, మొనలకి తొడుగు వేసి ఎక్కండి.